తిమ్మిరి దిగేదాకా

దొర ఏ క్షణాన వస్తాడో తెలియదు. వెనక గేటు పక్కన నీళ్ళ డ్రమ్ము చాటున గొంతుక్కూర్చున్నాను, యాభైకి దగ్గరపడ్డ పశువుల డాక్టర్ని, దాగుడుమూతలాడే పిల్లలాగా. తెల్లకోటు విప్పి ఉండచుట్టి డ్రమ్ము వెనక్కి తోసేశాను. దొర మా అక్క గుర్రం, ఆ కోటంటే వాడికి పడదు, అంత దూరాన కనిపించినా పక్కకి గెంతుతాడు. మిగతా రోజుల్లో ఆ గెంతుడు చూసి అందరం నవ్వుకుంటాం, నేను కూడా నవ్వుతాను, సూది పొడిచేవాళ్ళని చూసి ఎవరు మాత్రం గెంతరు అనుకుంటాను. ఇవాళ మాత్రం వాడు గేటులోకొచ్చి ఆగేదాకా, నేను లేచి కళ్ళెం అందుకునేదాకా గెంతకూడదు. పక్కకి తిరక్కూడదు, జారకూడదు, ఉన్నట్టుండి ఆగకూడదు. ఆ సంగతి దొరకి తెలియదు, వాడి మీద స్వారీకెళ్ళిన మా పిల్ల పిచ్చుకకీ తెలియదు. చేతులకి ఇంకా స్పిరిట్ వాసన కొడుతోంది. డ్రమ్ము కింద తడిమట్టి తీసి మోచేతుల దాకా రుద్దుకున్నాను, వాసన చూసుకున్నాను, పోలేదు, మళ్ళీ రుద్దుకున్నాను. ముప్పై ఏళ్ళ వాసన, ఇంత మట్టికి పోతుందా.

అరిస్తే వినపడుతుందా అంటే వినపడదు, వినపడినా అరవకూడదు. గేటు అవతల చెట్ల వరస, దాని వెనక దారి, ఆ దారి పాత క్వారీ గుంట చుట్టూ తిరిగి మళ్ళీ ఈ గేటుకే వస్తుంది. జీపు వేసుకుని వెంటపడదామని అక్క అంది. అక్క అంటే పిచ్చుక తల్లి, ఈ గుర్రాలూ ఈ శాలా ఈ స్వారీ బడీ అన్నీ తనవే. వద్దన్నాను. వెనకనుంచి జీపు చప్పుడు వింటే దొర ఇంకా జోరెత్తుకుంటాడు. నువ్వు నడుచుకుంటూ క్వారీ వైపు అడ్డదారిన వెళ్ళు, కనిపిస్తే చెయ్యెత్తకు, పరిగెత్తకు, మెల్లగా దిగమని చెప్పు, దిగి నడిపించుకు రమ్మను అన్నాను. "ఏమైందో సరిగ్గా చెప్పవే" అంది అక్క. కాలు విరగొచ్చు అని మాత్రమే చెప్పాను. ఎవరి కాలని అడగలేదు తను. చెప్పుల్లేకుండానే బయల్దేరింది, ఆ నడక వెనకనుంచి చూస్తే అచ్చం అమ్మ నడక, కుడివైపుకి కాస్త వాలి. మా ఇంట్లో అందరికీ కుడి మోకాలే ముందు పోతుంది.

ఇందాక దొరకి వేసింది మందు సూది కాదు. ఆ ఒక్క మాటా పిచ్చుకకి అప్పుడే చెప్పి ఉంటే ఇప్పుడు ఈ డ్రమ్ము వెనక నాకేం పని. దొరకి ముందు కుడికాలిలో కీళ్ళ అరుగుదల, డెక్కకి పైనున్న కీలులో. మనుషులు మోకాళ్ళలో గుజ్జు అయిపోయింది అంటారే, అదే. కీలులోకి సూది దించి కాస్త స్టెరాయిడ్, కాస్త గుజ్జు మందు పెడితే వాపు తగ్గుతుంది, కొన్నాళ్ళు హాయిగా తిరుగుతాడు. మొదటిసారి వేసినప్పుడు ఏడాది తిరిగాడు, రెండోసారి వేస్తే ఆరునెల్లు. మొన్నటినుంచి మళ్ళీ కుంటు. పాత కుంటేనా కొత్తదా అని నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే ఈసారి మలుపు తిరిగేటప్పుడు ఎక్కువ కుంటుతున్నాడు. ఇలాంటప్పుడు మందు కాదు, ముందు తిమ్మిరి సూది వేస్తాం, పళ్ళ డాక్టరు చిగుళ్ళకి వేసేలాంటిది. కీలు మొద్దుబారాక కుంటు పోతే నొప్పి అందులోనే ఉన్నట్టు, పోకపోతే ఇంకెక్కడో ఉన్నట్టు. అంటే గుర్రం చక్కగా నడిచిందంటే రోగం దొరికిందని అర్థం, తగ్గిందని కాదు. పిచ్చుకే తాడు పట్టుకుని దొరని గచ్చు మీద అటూ ఇటూ పరిగెత్తించింది. కుంటన్నది లేదు. పెళ్ళికొడుకులా వచ్చాడు. పిచ్చుక మొహం చూడాలి అప్పుడు, ఎల్లుండి స్వారీ జట్టు ఎంపిక, రెండేళ్ళుగా ఆ రోజు కోసమే తెల్లారగట్ల లేస్తోంది. ఇదివరకు నేను తిమ్మిరి సూది వేసినప్పుడల్లా అది కాలేజీలో ఉండేది. అది చూసినవన్నీ మందు సూదులే.

మరి ఎర్రగుడ్డ. ఈ శాలలో అదొక పద్ధతి, అక్క పెట్టిందే, నేనే పెట్టించాను. కీలులో మందు వేశాక గుర్రం గది తలుపుకి ఎర్రగుడ్డ కడతాం, అది ఉన్నన్నాళ్ళూ ఆ గుర్రాన్ని ఎవరూ బయటికి తియ్యరు, రాజుగారొచ్చి అడిగినా తియ్యరు. తిమ్మిరి సూదికి మాత్రం కట్టం. కట్టాల్సిన పనే లేదు, తిమ్మిరి దిగేదాకా నేను గుర్రం పక్కనే ఉంటాను కదా, కదలను కదా. ఇవాళ కదిలాను. దొర గదిలోనే కాలికి ఎక్స్‌రే తీసి, బొమ్మ చూద్దామని ఆఫీసు గదిలోకి వచ్చాను, రెండు నిమిషాల పని. అప్పుడు అమ్మ ఫోను. గుడ్డ లేదు, డాక్టరు లేదు, గుర్రం కుంటట్లేదు, పిల్ల ఏమనుకుంటుంది. దాన్ని తిట్టడానికి నోరెత్తితే ముందు నా చెంపే వాయించుకోవాలి.

అమ్మకి మొన్ననే సూది వేయించాం. మోకాలికి, పెద్ద డాక్టరు దగ్గర. అక్కడికెళ్ళేముందు నెల రోజులు నన్ను సాధించింది, "గుర్రాలకి వేసేదేదో నాకూ వెయ్యకూడదటే, కన్నదాన్ని, గుర్రంపాటి చెయ్యనా" అని. నిజంగా నీకూ దొరకీ ఒకటే జబ్బు ఒకటే మందు అన్నాను. "అయితే పొద్దున్నే నాకు కూడా ఒళ్ళు రుద్ది జుట్టు దువ్వేవాళ్ళెవరైనా ఉంటారేమో కనుక్కో" అంది. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని ఎవరినో అనబోయి తననే అనుకుని నవ్వింది. ఇవాళ ఫోనులో గొంతు ఇరవయ్యేళ్ళ పిల్లది. "సూది పట్టిందే, డాబా మీదికెక్కి దుప్పట్లు ఉతికి ఆరేసొచ్చాను." విశ్రాంతి తీసుకోమన్నారు కదమ్మా అన్నాను. "నొప్పే లేనప్పుడు విశ్రాంతి దేనికే" అంది. నేను దానికి జవాబు చెబుతూ, కోప్పడుతూ, దిగేటప్పుడు కటకటా పట్టుకో అంటూ, ఇంకో చేత్తో బొమ్మ తెరిచాను. తెర మీద వెంట్రుక పడింది. చేత్తో తుడిచాను. పోలేదు. కొంగుతో తుడిచాను. బొమ్మని పక్కకి జరిపితే వెంట్రుక కూడా పక్కకి జరిగింది. కీలు కింద ఎముకలో, పైనుంచి కిందికి, సన్నగా. "వింటున్నావా" అంటోంది అమ్మ. ఫోను బల్ల మీద పెట్టేసి వచ్చేశాను, పెట్టేశానా, ఇంకా మాట్లాడుతూనే ఉందా అమ్మ, ఖాళీ గదితో.

గది దగ్గరికి వచ్చేసరికి తలుపు బార్లా. జీను లేదు. పిచ్చుక ఫోను కిటికీ గట్టు మీద చార్జింగులో ఉంది, స్వారీకి ఫోను తీసుకెళ్ళకూడదని దానికి నేర్పింది కూడా నేనే. నేల మీద గడ్డి కాస్త చెదిరి ఉంది, అంతే, వెళ్ళిపోయిన గుర్రం గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో. వెంట్రుక బీట అంటే దానంతటది ప్రమాదం కాదు. ముట్టుకోకుండా ఉంచితే, కట్టు కట్టి నెలల తరబడి గదిలో నిలబెడితే, స్క్రూలు వేస్తే, అతుక్కుంటుంది, అతుక్కున్నవి చూశాను. నొప్పే దాన్ని కాపాడుతుంది. నొప్పి ఉన్నన్నాళ్ళూ గుర్రం ఆ కాలి మీద పూర్తి బరువు మోపదు, దౌడు తియ్యదు, మలుపు దగ్గర తగ్గుతుంది. నొప్పి ఇంటి కుక్కలాంటిదని గుర్రాల యజమానులకి చెబుతుంటాను, విసిగిస్తుంది కానీ అది అరవని రోజే దొంగ పడతాడు అని. బాగా చెప్పారు డాక్టరుగారూ అంటారు. ఇవాళ ఆ కుక్క నోరు నేనే కట్టేశాను. ఎముక బీటలు వారి ఉంది, బీట తెలియని గుర్రం దౌడులో ఉంది, ఆ గుర్రం మీద మా అక్క కూతురుంది.

ఏదో చప్పుడు. కాదు, మోటారు. ఎవరో నీళ్ళ మోటారు వేశారు, లేకపోతే నా చెవుల్లో నెత్తురు. ఇది మా ఇద్దరి ఆట, పిచ్చుకదీ నాదీ. అయిదారేళ్ళప్పుడు దాన్ని శాల అరుగు మీద కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకోమనేదాన్ని, డెక్కల చప్పుడు విని ఏ గుర్రం వస్తోందో చెప్పమనేదాన్ని. మొదట్లో అన్నిటికీ దొరే అనేది, వాడంటే దానికి అంత ఇష్టం, వాడు కూడా అప్పుడు కుర్రాడే, ఎవరినీ లెక్కచెయ్యకుండా తలెగరేసి నిలబడేవాడు, అందుకే దొర అయ్యాడు. తర్వాత్తర్వాత తప్పు చెప్పడం మానేసింది. ఎనిమిదేళ్ళకే కుంటు పట్టేది, "పిన్నీ, మూడు గట్టిగా, ఒకటి మెత్తగా" అనేది. మూడు గట్టిగా ఒకటి మెత్తగా. ఆ చెవులే కదా ఇవాళ దాన్ని మోసం చేశాయి, నాలుగూ గట్టిగా వినపడేసరికి నమ్మేసింది. "కన్నది నేను, వినేది నీ మాట" అని అక్క ఎప్పుడూ దెప్పుతుంది. నిజమే. నా మాట వింటుంది. చెప్పిందల్లా వింటుంది. చెప్పనిది ఎలా వింటుంది.

నొప్పీ, రావే. ఇన్నేళ్ళూ నిన్ను తరిమిన చేతులు ఇవే, ఎన్ని కీళ్ళలోంచి, ఎన్ని గిట్టల్లోంచి, ఎన్ని రాత్రులు. కీలులోకి సూది దిగగానే తేనెరంగు నీరు తీగలాగా సాగి జారుతుంది, అది చూస్తే చాలు నాకు ప్రాణం కుదుటపడుతుంది, సరైన చోటికి చేరానని. ఇవాళ కూడా జారింది. తప్పేమీ లేదు, శుభ్రంగా కడిగాను, కొత్త సీసా తెరిచాను, కదలకుండా నిలబడ్డాడు. తిమ్మిరి గంట ఉంటుంది, గంటన్నర ఉంటుంది, గుర్రాన్నిబట్టి. తిమ్మిరీ, త్వరగా దిగు. క్వారీ మలుపులో దిగు, ఎత్తు ఎక్కేటప్పుడు దిగు, వాడు తల పైకెగరేస్తాడు, పిచ్చుక కనిపెడుతుంది, కనిపెట్టగానే దిగిపోతుంది, మంచి పిల్ల, కుంటే గుర్రం మీద క్షణం కూర్చోదు. నడిపించుకుంటూ వస్తుంది. అలిగి వస్తుంది. నీ సూది పట్టలేదు పిన్నీ అంటుంది. అననీ. ఆ ఒక్క మాట అనడానికి అది వస్తే చాలు, ఎల్లుండి ఎంపిక పోనీ, నా పేరు పోనీ, ఇక మీదట నా చేత గుర్రాన్ని ముట్టించకపోనీ. ఒక్కసారి కుంటు దొరా.

జేబులో ఫోను వణికింది. ఆఫీసు బల్ల మీద పెట్టేశాననుకున్నాను, జేబులోనే ఉంది. అక్క. "ఇక్కడ లేరే. కానీ వెళ్ళిన జాడలున్నాయి." ఊపిరి ఎగబీలుస్తోంది. అడుగులు ఎంతెంత దూరంలో ఉన్నాయి అని అడిగాను. "అంటే?" ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ అన్నాను. కొలుస్తోందని తెలుసు, వంగి కొలుస్తోంది ఆ మోకాళ్ళతోనే. "నేను పడుకుంటే అంత దూరం ఉన్నాయే." లోతుగా ఉన్నాయా అన్నాను. "ఉన్నాయి. నువ్వు నాకేదో చెప్పట్లేదు." చెప్పలేదు. దౌడు. పూర్తి దౌడు. ఎండకి గట్టిపడ్డ నేల కూడా గుంటపడేలా, ఒక్కో అడుగులో ఒంటి బరువంతా, పిల్ల బరువంతా, ఆ వెంట్రుక మీద. ఎంత ఆనందంగా ఉంటుందో వాడికి. నెలల తర్వాత నొప్పిలేని కాలు. దుప్పట్లు ఆరేసిన అమ్మలాగా.

చెట్లమీద పిట్టలు ఒక్కసారిగా లేచాయి. వస్తున్నారు. కళ్ళు మూసుకున్నాను, ఇంకేం చెయ్యాలో తెలియక. దౌడు కాదు, తగ్గించింది, చిన్న పరుగు. గట్టిగా, గట్టిగా, గట్టిగా, గట్టిగా. మెత్తనిది లేదు. తిమ్మిరి దిగలేదు. తర్వాత ఇంకా తగ్గింది, నడక. నడక, నా తల్లీ, నడక. గేటు దగ్గర గుర్రాన్ని చల్లబరుస్తూ నడిపించి తీసుకురావాలి, అది కూడా నేనే నేర్పాను, మరిచిపోలేదు. కళ్ళు తెరిచాను, చెట్లలోంచి వచ్చారు. దొర మెడ చెమటతో మెరుస్తోంది, చెవులు ముందుకి ఉన్నాయి. పిచ్చుక కళ్ళెం వదులు చేసి, వాడి మెడ మీద తడుతూ ఏదో చెబుతోంది, నవ్వుతోంది. కాలు తిన్నగా ఉంది. ఎముక నిలబడింది. దేవుడా, నిలబడింది. ఇంక పాతిక అడుగులు. ఇంక గేటు. నేను ఊపిరి బిగబట్టాను, కదల్లేదు, కళ్ళు కూడా ఆర్పలేదు. గాలి నా వెనకనుంచి వీస్తోంది. అది నేను చూసుకోలేదు. అంతసేపు కూర్చుని, మట్టి రుద్దుకుని, కోటు దాచుకుని, గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు.

దొర ఆగాడు. ముక్కుపుటాలు విప్పాడు. డ్రమ్ము వైపు చూశాడు, నాకు తెలుసు వాడికి నేను కనపడలేదు, వాసన తగిలింది అంతే, రోజూలాగే పక్కకి గెంతాడు. కుడికాలి మీద తిరిగి.

ఎండుకట్టె మోకాలికేసి విరిచిన చప్పుడు. పెద్దదేం కాదు. పిచ్చుక వాడి మెడ మీదికి తూలి, సర్దుకుని, జారి దిగింది, రెండు కాళ్ళ మీదా నిలబడింది. రెండూ తిన్నగా ఉన్నాయి, తల తిన్నగా ఉంది, చేతులు తిన్నగా ఉన్నాయి, అన్నీ చూశాను, ఆ తర్వాతే దొర వైపు చూశాను. వాడు కాలు కింద పెట్టబోయాడు. నేల తగల్లేదు. మళ్ళీ పెట్టబోయాడు, తన కాలు ఎక్కడికి పోయిందో అర్థం కాక వంగి వాసన చూశాడు. డెక్క పక్కకి తిరిగి వేలాడుతోంది, ఇది ఇక అతికేది కాదు. అరవలేదు. పెనుగులాడలేదు. మూడు కాళ్ళ మీద నిలబడి, ఎప్పటిలాగే పిచ్చుక జేబులో మూతి పెట్టి వెతుక్కున్నాడు.

డ్రమ్ము చాటునుంచి లేచాను. మోచేతుల దాకా మట్టితో ఉన్న నన్ను చూసి పిచ్చుక జడుసుకుంది. "పిన్నీ? ఇక్కడేం చేస్తున్నావు?" తర్వాత దాని చూపు నా చూపు వెంట కిందికి దిగింది. మొహంలో రంగు పోయింది కానీ నోరు నవ్వుతూనే ఉంది, నవ్వు దిగడానికి టైము పడుతుంది. "జారింది కదా. కీలు తప్పిందేమో కదా. వాడికి నొప్పి లేదు పిన్నీ, చూడు, ఏమీ బాధపడట్లేదు." అవునమ్మా అన్నాను. నిజమే. ఇంకా తెలియదు వాడికి. అరగంట ఉందో, పావుగంట ఉందో. ఇందాకటిదాకా రావే రావే అని పిలిచిన నోటితోనే ఇప్పుడు రాకే తల్లీ అంటున్నాను, కాసేపు ఆగవే, నేను సంచి తెచ్చుకునేదాకా, మళ్ళీ లేవకుండా నిద్రపుచ్చే పెద్ద సీసా తెరిచేదాకా. అక్క అడ్డదారిలో వస్తూ కనిపించింది, చెప్పుల్లేకుండా, కూతురు నిలబడి ఉండటం చూసి దారి మధ్యలోనే కూలబడి ఏడుస్తోంది, పిల్ల బాగుందని.

పిచ్చుక దొర మెడ చుట్టూ చేతులు వేసింది. "మళ్ళీ సూది వెయ్యి పిన్నీ. ఇందాక వేశావు కదా, అలాంటిదే ఇంకొకటి. ఎంత బాగా పరిగెత్తాడో తెలుసా నీకు. ఇంకొక్కటి వెయ్యి."

"వేస్తానమ్మా" అన్నాను. "తల పట్టుకో. వాడితో మాట్లాడుతూ ఉండు."